ఆసు–రాజు అవే, ఎదుటివాడి స్టాక్ 100, 300, 900: ఎక్కడ ఆగాలి?

కట్ఆఫ్_కుర్రాడు:

పోకర్‌లో నో-లిమిట్ హోల్డెమ్, 1/3 డాలర్ల టేబుల్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే స్మాల్ బ్లైండ్ 1, బిగ్ బ్లైండ్ 3). టెక్సస్ కార్డ్ రూముల్లో లాగా సీటుకు సమయం లెక్కన డబ్బు తీసుకునే చోటు అనుకోండి, పాట్‌లోంచి కోత ఉండదు. కట్ఆఫ్ సీట్లో (డీలర్ బటన్‌కి ముందు సీటు) ఇస్పేట్ ఆసు, డైమన్ రాజు వచ్చాయి. 15కి ఓపెన్ (మొదటి రెయిజ్) చేస్తే బిగ్ బ్లైండ్ ఒక్కడే కాల్ చేశాడు. స్మాల్ బ్లైండ్ పెట్టిన డాలరుతో కలిపి పాట్ 31. ఫ్లాప్‌లో (బోర్డు మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) ఆఠీన్ రాజు, ఆఠీన్ తొమ్మిది, కళావర్ నాలుగు. అతను చెక్ చేశాడు.

మన దగ్గర మొదట్లో 900 ఉన్నాయి. అతని దగ్గర మొదట్లో (అ) 100, (ఆ) 300, (ఇ) 900 ఉంటే ఒక్కో సందర్భంలో ఎంత బెట్, ఎన్ని స్ట్రీట్లు (ఫ్లాప్, టర్న్, రివర్ అనే పందెం రౌండ్లు)? చెక్-రెయిజ్ (చెక్ చేసి, మన బెట్ మీద పెంచడం) చేస్తే ఎక్కడ కాల్, ఎక్కడ ఫోల్డ్? "స్టాక్ డెప్త్‌ని బట్టి ఉంటుంది" అన్న జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ బట్టి ఉండటం ఎలాగో అంకెల్లో కావాలి.

బటన్_సీటు:

ముందు ఒక భాగహారం చెయ్యండి. ఫ్లాప్ పడేసరికి ఇద్దరిలో ఎవరి దగ్గర తక్కువుందో ఆ మొత్తాన్ని పాట్‌తో భాగించాలి. దీన్నే ఎస్పీఆర్ (స్టాక్-టు-పాట్ రేషియో) అంటాం. మీ 900కి ఇక్కడ విలువ లేదు, అతని దగ్గర 85 మిగిలితే మీరిద్దరూ ఆడుతున్నది 85 మీదే.

(అ) 85 ÷ 31 = 2.7
(ఆ) 285 ÷ 31 = 9.2
(ఇ) 885 ÷ 31 = 28.5

తర్వాత రివర్ దగ్గర నిలబడి వెనక్కి చూడండి. మొత్తం స్టాక్ లోపలికి వెళ్లాలంటే ఎన్ని బెట్లు పడాలి, ఒక్కోటీ పాట్‌లో ఎంత వంతు ఉండాలి?

(అ)లో రెండు బెట్లు చాలు. ఫ్లాప్‌లో 24 పెడితే, కాల్ వచ్చాక పాట్ 79, మిగిలింది 61. రెండూ పాట్‌లో ముప్పావు వంతు పైచిలుకే, ఇబ్బంది లేకుండా పడిపోతాయి. ఫ్లాప్‌లో 24కి అతను 85తో ఆల్-ఇన్ అంటే మీరు ఇంకా 61 పెట్టాలి, ఎదురుగా 140 ఉంది. 61ని 201తో భాగిస్తే 30% గెలిచే అవకాశం చాలు. ఇక్కడ ఫోల్డ్ ఆలోచనే వద్దు. మీ దగ్గరో రాజు, బోర్డు మీదో రాజు ఉన్నాయి కాబట్టి బయట మిగిలినవి రెండు. అయినా రాజు-రాణి, రాజు-జాకీ, రాజు-పది కలిపి 24 జోడీలు ఉన్నాయి. ఆఠీన్ ఫ్లష్ డ్రాలు (ఇంకో ఆఠీన్ వస్తే ఒకే రంగు అయిదు ముక్కలయ్యేవి) వేరే. మిమ్మల్ని ఓడిస్తున్నవి తొమ్మిదుల సెట్ (చేతిలో జంట, బోర్డు మీద మూడోది) 3, నాలుగుల సెట్ 3, రాజు-తొమ్మిది మహా అయితే 6. రాజు-నాలుగు, తొమ్మిది-నాలుగు లాంటివి ఎవరో ఒకరు తప్ప ఆడరు. 85 డాలర్లే మిగిలిన మనిషి ఆ 24లో చాలావాటితో డబ్బు పెట్టేస్తాడు.

(ఆ)లో మూడు బెట్లు కావాలి, ఒక్కోటీ పాట్‌లో 84%: 26, 70, 189. మొదటి రెండిటికీ రాజు-జాకీ కాల్ చేస్తుంది. 189కి చేస్తుందా? చెయ్యని టేబుల్ అయితే మూడో బెట్‌కి మీకంటే మంచి హ్యాండ్లే మిగులుతాయి. అందుకని తెలియని ఆటగాడి మీద రెండు స్ట్రీట్ల విలువ తీసుకుని, రివర్‌లో అతను చెక్ చేస్తే మనమూ చెక్ చెయ్యడమో, పాట్‌లో మూడో వంతు పెట్టడమో నయం. దేనితోనైనా కాల్ చేసేవాడని తెలిస్తే మూడూ పెట్టండి, మొహమాటం వద్దు.

(ఇ)లో మూడు స్ట్రీట్లలో 885 వెళ్లాలంటే ప్రతి బెట్టూ పాట్‌కి 144% ఉండాలి. ఒక్క జంటతో అలాంటి పాట్ కట్టే పని లేదు. ఫ్లాప్‌లో 15–20, టర్న్ మామూలు ముక్కైతే ఇంకో సగం పాట్, రివర్‌లో చెక్. లేదా టర్న్‌లో చెక్ చేసి రివర్‌లో విలువ తీసుకోవడం. ఇక్కడ మిమ్మల్ని కాపాడేది పొజిషన్, అంటే ప్రతి స్ట్రీట్‌లో అతని తర్వాత ఆడటం. ఇదే హ్యాండ్ బిగ్ బ్లైండ్‌లో ఉండి ఉంటే 28 ఎస్పీఆర్ మీద ఆడటం చాలా కష్టం.

రమ్మీ అలవాటు ఉన్నవాళ్లు తడబడేది ఇక్కడే. అక్కడ డ్రాప్ 20, మిడిల్ డ్రాప్ 40, మహా పోతే 80 అని ముందే తెలుసు. ఇక్కడ ఆ గరిష్ఠం ప్రతి హ్యాండ్‌కీ మారుతుంది, ముక్కలు చూసుకునే ముందే దాన్ని చూసుకోవాలి.

కట్ఆఫ్_కుర్రాడు:

(అ) అర్థమైంది అన్నా. (ఆ)లో నేను 20 పెట్టాక అతను 70కి చెక్-రెయిజ్ చేస్తే? కాల్ చేయడానికి ఇంకో 50. పాట్‌లో 121 ఉంది, 29% గెలిస్తే చాలు కదా. అది చూసి కాల్ చేసేయొచ్చా?

బటన్_సీటు:

ఆ 29% అబద్ధం కాదు, కానీ సగమే. కాల్ చేస్తే పాట్ 171, మిగిలింది 215. 9.2 ఉన్న ఎస్పీఆర్ ఒక్క రెయిజ్‌తో 1.3కి పడిపోయింది. టర్న్‌లో అతను ఆల్-ఇన్ అనడం దాదాపు ఖాయం. కాబట్టి ప్రశ్న 50 గురించి కాదు, 265 గురించి.

టర్న్ మామూలు ముక్క అనుకోండి. 215 కాల్ చేయడానికి 215 ÷ 601, అంటే 36% కావాలి. అతని దగ్గర ఫ్లష్ డ్రా ఉంటే మీరు 80% గెలుస్తారు, ఎందుకంటే 44 ముక్కల్లో 9 మాత్రమే అతనివి. సెట్ ఉంటే మీకు ఒక్క ముక్కా లేదు. రాజు-తొమ్మిది ఉంటే మూడు ఆసులు మిగిలాయి, 7% అంతే. లెక్క కట్టి చూస్తే, అతను అలా ఆడే హ్యాండ్లలో డ్రాలు సుమారు 43% దాటితేనే కాల్ లాభం. డ్రాని దూకుడుగా ఆడే మనిషైతే దాటుతుంది. రాత్రంతా కాల్, కాల్ అంటూ కూర్చుని ఇప్పుడు హఠాత్తుగా రెయిజ్ చేసినవాడైతే దాటదు, అతని మీద ఫ్లాప్‌లోనే వదిలెయ్యండి. 50 కాల్ చేసి టర్న్‌లో 215కి ఫోల్డ్ చెయ్యడం అన్నిటికన్నా ఖరీదైన దారి. ఆఠీన్ పడిందనో బోర్డు మారిందనో ఫోల్డ్ చేస్తే అది వేరే సంగతి, అది ముందే వేసుకున్న పథకంలో భాగం.

(ఇ)లో అదే 70కి కాల్ చేస్తే పాట్ 171, మిగిలింది 815. టర్న్‌లో అతను 120 పెట్టాడనుకోండి. కాల్ చేస్తే పాట్ 411, వెనక 695. ఆ 120 బెట్ రివర్‌లో 695 వస్తుందన్న బెదిరింపుతో కలిసి వస్తుంది. 1/3 టేబుల్ మీద మూడు స్ట్రీట్లూ బ్లఫ్ చేసి 900 పెట్టేవాళ్లు బహు తక్కువ. పొజిషన్ ఉంది కాబట్టి ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో రెండో పెద్ద బెట్‌కి వదలండి.

లెక్కల_మాస్టారు:

పైవాటితో ఏకీభవిస్తూనే ఒక విషయం సరిచేయాలి. "ఎస్పీఆర్ 4 లోపు ఉంటే టాప్ పెయిర్‌తో (బోర్డులోని పెద్ద ముక్కతో జంట) ఆల్-ఇన్" అని చాలామంది సూత్రంలా వల్లిస్తారు. సూత్రంగా అది తప్పు. ఎస్పీఆర్ చెప్పేది ధర మాత్రమే. స్టాక్ మొత్తం ఒకేసారి వచ్చినప్పుడు కాల్ చేయడానికి కావలసిన శాతం: ఎస్పీఆర్‌ని, దాని రెట్టింపుకి ఒకటి కలిపి భాగించండి.

0.5 అయితే 25%
1 అయితే 33%
2 అయితే 40%
4 అయితే 44%
9 అయితే 47%
13 అయితే 48%

4 నుంచి 13కి వెళ్లినా ధర 44 నుంచి 48కే కదిలింది. మరి టాప్ పెయిర్ 4 దగ్గర ఆడదగ్గదై, 13 దగ్గర ప్రమాదకరం ఎందుకవుతుంది? ధర మారడం వల్ల కాదు, 13 పాట్లు పెట్టడానికి సిద్ధపడే హ్యాండ్ల జాబితా కుదించుకుపోవడం వల్ల. 4 పాట్లు రాజు-రాణితోనూ పెడతారు, 13 పాట్లు సెట్‌తో పెడతారు. స్టాక్ లోతు పెరిగేకొద్దీ ఎదుటివాడి జాబితా సన్నబడుతుంది, మీ హ్యాండ్ మారకపోయినా దాని గెలుపు శాతం పడిపోతుంది.

దీన్నుంచి వచ్చే పర్యవసానం ముఖ్యం. ఎదుటివాడి జాబితా మొదటే సన్నగా ఉంటే ఎస్పీఆర్ 2 అయినా ఫోల్డ్ ఉంటుంది. త్రీ-బెట్ (ఓపెన్ మీద మళ్లీ రెయిజ్) చేస్తే ఆసుల జంట, రాజుల జంట, రాణుల జంట తప్ప చూపించని మనిషి పది పెద్ద ముక్కగా ఉన్న బోర్డు మీద ఆల్-ఇన్ అన్నాడు. మీ దగ్గర జాకీల జంట. మీకు మిగిలినవి రెండు జాకీలు, 8–9%. కావలసింది 40%. "కమిట్ అయిపోయాను" అనుకుని కాల్ చేస్తే ఆ మాటకి డబ్బు కడుతున్నట్టే.

బ్లఫ్ వైపు కూడా స్టాకే నడిపిస్తుంది. పాట్ 100, మీకు ఫ్లష్ డ్రా, బోర్డు మీద ఇంకా రెండు ముక్కలు తెరవాల్సి ఉంది, 35% అనుకుందాం. వెనక 200 ఉంటే ఆల్-ఇన్ అన్నప్పుడు, కాల్ వస్తే సగటున 25 పోతుంది, ఫోల్డ్ వస్తే 100 వస్తుంది. అంటే అయిదుసార్లలో ఒక్కసారి ఫోల్డ్ చేసినా ఖర్చు గిట్టుతుంది. అదే వెనక 600 ఉండి మొత్తం తోసేస్తే, కాల్ వచ్చినప్పుడు 145 పోతుంది. 59% ఫోల్డ్లు కావాలి. పైగా 600కి కాల్ చేసేవాళ్లలో సెట్లు ఎక్కువ, సెట్ మీద ఫ్లష్ డ్రా 25% చుట్టూ ఉంటుంది తప్ప 35 కాదు. అందుకే డ్రాతో ఆల్-ఇన్ 1.5–3 ఎస్పీఆర్ దగ్గర బాగా పనిచేస్తుంది. 0.5 దగ్గర వద్దు: మూడుకి ఒకటి ధర దొరికినవాడు ఫోల్డ్ చేయడు, బ్లఫ్ అన్న భాగం ఎగిరిపోతుంది.

స్ట్రాడిల్_సీటు:

ఇద్దరూ ఫ్లాప్ తర్వాతి సంగతే చెప్పారు. ఎస్పీఆర్‌ని తయారుచేసేది ప్రీఫ్లాప్, అంటే ఫ్లాప్‌కి ముందు పందెం. ఫ్లాప్‌లో కూర్చుని 28 అని బాధపడే బదులు ముందే తగ్గించుకోవచ్చు.

ఇదే హ్యాండ్ తిరగేసి చూడండి. ఆసు-రాజు మీకు బిగ్ బ్లైండ్‌లో వచ్చింది, కట్ఆఫ్ 15కి ఓపెన్ చేశాడు, ఇద్దరి దగ్గరా 900. కాల్ చేస్తే 28.5, పైగా పొజిషన్ లేదు. 70కి త్రీ-బెట్ చేసి అతను కాల్ చేస్తే పాట్ 141, వెనక 830, ఎస్పీఆర్ 5.9. టాప్ పెయిర్‌తో ఆడదగ్గ స్థాయికి వచ్చేశారు. ఇద్దరి దగ్గరా 300 ఉంటే అదే 70తో 1.6 అవుతుంది. పొజిషన్ లేనివాడు త్రీ-బెట్ పెద్దగా చేయడానికి అసలు కారణం ఇదే.

స్ట్రాడిల్ (ముక్కలు చూడకముందే ఒకరు పెట్టే బిగ్ బ్లైండ్‌కి రెట్టింపు పందెం) పడిన టేబుల్ మీద లెక్క మొత్తం మారుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు. 300తో కూర్చున్నవాడు "వంద బిగ్ బ్లైండ్లు ఉన్నాయి" అనుకుంటాడు. 6 స్ట్రాడిల్ ఉంటే అవి 50. ఎవరో 25కి ఓపెన్ చేసి ఇద్దరు కాల్ చేశారు, బ్లైండ్లు, స్ట్రాడిల్ వదిలేశారు. పాట్ 85, వెనక 275, ఎస్పీఆర్ 3.2. వంద బ్లైండ్ల ఆట ఆడుతున్నామనుకుంటూ చిన్న జంటలతో, వరస ముక్కలతో ఆ 25కి కాల్ చేస్తే, తగిలినా గెలిచేది చాలదు.

చిన్న జంటల లెక్క చూద్దాం. సెట్ లేదా అంతకంటే మంచిది ఫ్లాప్‌లో తగిలేది 11.8%, ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. నాలుగుల జంటతో 15 కాల్ చేస్తే, సెట్ వచ్చిన ప్రతిసారీ కనీసం 112 రావాలి. అదీ ఖర్చు గిట్టడానికే. ఎదుటివాడి దగ్గర మొత్తం 100 ఉంటే స్టాకంతా గెలిచినా లాభం లేదు. సెట్ వచ్చినప్పుడు అతనికి ఏమీ తగలక ఫోల్డ్ చేసే రోజులే ఎక్కువ, కాబట్టి కాల్ చేసే మొత్తానికి 15–20 రెట్లు వెనక ఉండాలి అన్నది సరైన హద్దు. 300 దగ్గర సరిగ్గా 20 రెట్లు. ఒకే రంగు వరస ముక్కలకి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఫ్లష్ ఫ్లాప్‌లోనే వచ్చేది నూటికి ఒకసారి కూడా కాదు, డ్రా వచ్చేది 11%. డ్రా వచ్చాక మళ్లీ ఖర్చు పెట్టాలి.

లింప్ పాట్లు (ఎవరూ రెయిజ్ చేయకుండా బిగ్ బ్లైండ్ అంత మాత్రమే పెట్టి ఆడేవి) దీనికి వ్యతిరేకం. బ్లైండ్లతో కలిపి అయిదుగురు 3 చొప్పున పెడితే పాట్ 15, వెనక 297, దాదాపు 20. రాజు-పదితో రాజు తగిలిందని అక్కడ మూడు స్ట్రీట్లు కట్టకండి.

ఇంకొకటి, ముగ్గురున్నప్పుడు ఒకే ఎస్పీఆర్ ఉండదు. పాట్ 60, ఒకరి దగ్గర 60, మీ ఇద్దరి దగ్గర 800. చిన్న స్టాక్‌తో ఎస్పీఆర్ 1, రెండోవాడితో 13 పైన. చిన్నవాడు ఆల్-ఇన్ అయిపోయాక పక్క పాట్ (మీ ఇద్దరి మధ్యే జరిగే అదనపు పాట్) ఖాళీగా ఉంటే, రెండోవాడి మీద బ్లఫ్ చేయడంలో అర్థం లేదు. అతన్ని తోసేసినా ప్రధాన పాట్‌కి ఆల్-ఇన్ మనిషిని ఓడించాల్సిందే, మీ దగ్గర ఏమీ లేదు. పైగా మీరు తోసేసిన హ్యాండ్ అతన్ని ఓడించేదై ఉండొచ్చు.

టోర్నీ_ఆట:

టోర్నమెంట్ల కోసం కొంచెం కలుపుతాను. బ్లైండ్లు 1,000/2,000, బిగ్ బ్లైండ్ యాంటీ (అందరి తరఫునా బిగ్ బ్లైండ్ అదనంగా పెట్టేది) 2,000, అందరి దగ్గరా 40,000. 4,000కి ఓపెన్ చేస్తే బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు. పాట్ 11,000, యాంటీ కూడా కట్టిన బిగ్ బ్లైండ్ వెనక 34,000, ఎస్పీఆర్ 3.1. పాట్‌లో సగానికి కాస్త తక్కువ బెట్లు మూడు పెడితే చాలు, స్టాకంతా వెళ్లిపోతుంది. అందుకే ఇక్కడ ఫ్లాప్‌లో పాట్‌లో మూడో వంతు పెట్టడం సరిపోతుంది, నగదు టేబుల్ మీదలాగా పెద్ద బెట్లతో పాట్ ఉబ్బించక్కర్లేదు.

ఓపెన్ మీద నేరుగా ఆల్-ఇన్ తోయడం 20 బ్లైండ్ల దగ్గర ఎందుకు నడుస్తుంది, 40 దగ్గర ఎందుకు నడవదో చూడండి. బటన్‌లో మీరున్నారు, పాట్‌లో ఓపెన్, బ్లైండ్లు, యాంటీ కలిపి 4.5 బ్లైండ్లు. కాల్ వచ్చినప్పుడు 35% గెలిచే హ్యాండ్ అనుకుందాం. 20 తోస్తే 53% ఫోల్డ్లు చాలు. 40 తోస్తే 71% కావాలి. ముక్కలవే, పాట్ అదే.

బహుమతి డబ్బు మొదలయ్యే మెట్టు దగ్గరపడ్డాక ఈ లెక్కలన్నీ మీ మీదికి బిగుస్తాయి. పోయిన చిప్ విలువ గెలిచిన చిప్ విలువకన్నా ఎక్కువవుతుంది. మీకంటే పెద్ద స్టాక్ ఉన్నవాడి ఆల్-ఇన్‌కి, పైన చెప్పిన ధరకన్నా చాలా శాతాలు ఎక్కువుంటే తప్ప కాల్ చేయకండి. మిమ్మల్ని బయటికి పంపలేని చిన్న స్టాక్ మీద అంత జాగ్రత్త అక్కర్లేదు.

నిర్వాహకుడు:

చదివేవాళ్లకి ఒక మాట. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. దేశమంతటికీ వర్తించే చట్టం 2025 ఆగస్టులో వచ్చింది. ఈ చర్చ లెక్క కోసం. ఇంట్లో సాధన చేసేవాళ్లు విలువ లేని చిప్స్‌తోనే చేసుకోండి, ఎస్పీఆర్‌కి చిప్ మీద ఏం రాసుందో అక్కర్లేదు. సైట్ల పేర్లు, ఆహ్వాన లింకులు పెడితే తీసేస్తాం.

కట్ఆఫ్_కుర్రాడు:

అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న. ఈ 84%, 144% లాంటివి టేబుల్ దగ్గర కూర్చుని ఎలా కట్టాలి? ఫోన్ తియ్యలేం కదా.

లెక్కల_మాస్టారు:

ఘనమూలాలు కట్టక్కర్లేదు. మూడు వరసలు గుర్తుపెట్టుకోండి. పాట్ అంత బెట్లు ఒకటి, రెండు, మూడు పడితే సరిపోయే ఎస్పీఆర్లు 1, 4, 13. ముప్పావు పాట్ బెట్లకి 0.75, 2.6, 7.3. సగం పాట్ బెట్లకి 0.5, 1.5, 3.5. మీకు 9.2 వచ్చింది. మూడు బెట్లలో 7.3కీ 13కీ మధ్య ఉంది, అంటే ముప్పావుకీ పూర్తి పాట్‌కీ మధ్య. అంత కచ్చితం చాలు. 2.7 వస్తే ముప్పావు వరసలో రెండో అంకె పక్కనే ఉంది, రెండు బెట్లలో అయిపోతుంది.

ఈ సూత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే: పాట్ అంత బెట్‌కి కాల్ వస్తే పాట్ మూడింతలవుతుంది, సగం బెట్‌కి రెండింతలు, ముప్పావుకి రెండున్నర. మూడుసార్లు మూడింతలైతే 27 రెట్లు. అందులో మొదటి పాట్ తీసేస్తే 26, ఇద్దరూ చెరిసగం పెట్టారు కాబట్టి ఒక్కొక్కరిది 13.

బటన్_సీటు:

దీనికి తోడు చేతికి రావలసిన అలవాట్లు రెండు.

కాల్ చేసే ముందే ఎదుటివాడి స్టాక్ చూడాలి, ఫ్లాప్ పడ్డాక కాదు. పెద్ద విలువ చిప్స్ ముందు వరసలో కనపడేలా పెట్టాలన్నది కార్డ్ రూముల్లో మామూలు నియమం. కనపడకపోతే డీలర్‌ని అడిగితే చూపించమంటాడు. ఎర్ర చిప్స్ గుట్ట వెనక రెండు వంద డాలర్ల నల్ల చిప్స్ దాక్కుంటే మీ ఎస్పీఆర్ 3 కాస్తా 6 అవుతుంది.

రెండోది, స్టాక్‌లో ఎక్కువ భాగం పెట్టేసి మిగిలిన ముక్కతో ఫోల్డ్ చేయకండి. పాట్ 60, మీ దగ్గర 120. మీరు 80 పెట్టారు, అతను ఆల్-ఇన్ అన్నాడు. ఇంకో 40 పెడితే చివరికి పాట్ 300, అంటే 13% గెలిచే అవకాశం ఉన్నా కాల్ చెయ్యాలి. చాలా హ్యాండ్లకి ఆ మాత్రం ఉంటుంది. ఫోల్డ్ చేసే దారి తెరిచి ఉంచుకోవాలంటే 80 బదులు 25 పెట్టండి. వదలనని నిశ్చయించుకుంటే 120 మొత్తం పెట్టండి, కనీసం అతను ఫోల్డ్ చేసే అవకాశమైనా మీకు మిగులుతుంది.